సర్వే రాసుకుని వెళ్లిపోతే ఎలా? కాలేజీ వాలంటీర్ల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఎన్ఎస్ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్) క్యాంపులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుల గురించి అడగాలనుకున్నవి రాయమన్నాం. స్టూడెంట్సే రాస్తారనుకున్నా, కానీ తల్లులు రాశారు, లెక్చరర్లు రాశారు, అన్నిటికంటే ముఖ్యంగా ఊరివాళ్లు రాశారు. అందుకే మొదటి జవాబు ఊరివాళ్లకే. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తూ రెండు విడతలు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశా, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

ప్రశ్న: మేడం, మాది మెయిన్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె. రోడ్డు బాగుంటుందని కాబోలు ప్రతి యేడాది ఏదో ఒక కాలేజీ వాళ్లు మా ఊరినే దత్తత అంటారు. పిల్లలు వస్తారు, ర్యాలీ తీస్తారు, చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగుతారు, ఇంటింటికీ వచ్చి మీకు గేదెలెన్ని, మరుగుదొడ్డి ఉందా, నెలకి ఎంత సంపాదిస్తారు అని రాసుకుంటారు. ఆరేళ్లుగా ఇవే ప్రశ్నలు. మేం చెప్పిందంతా ఎక్కడికి పోతోంది? ఇక రావద్దని చెప్పమంటున్నారు మా వాళ్లు. – ఒక వార్డు మెంబర్, ప్రకాశం జిల్లా

అన్నా, ముందు మీ ఊరికి క్షమాపణ చెప్పాలి, నేనూ అలా రాసుకుపోయినదాన్నే కాబట్టి. నా మొదటి క్యాంప్ జనవరిలో పెట్టాం. ఊరికి పచ్చదనం కావాలని మాకు మేమే అనుకుని రోడ్డు పక్కన రెండొందల మొక్కలు నాటాం, ఊళ్లో ఎవర్నీ అడగలేదు. వానలు పోయాక నాటితే నీళ్లు ఎవరు పోస్తారు, మేకలు రాకుండా కంచె ఎవరు కడతారు, ఒక్కరం కూడా ఆలోచించలేదు. ఉగాదికి వెళ్లి చూస్తే కట్టెపుల్లలు ఉన్నాయి. పక్కనే పశువులు తోలుకెళ్తున్న పెద్దాయన ఒకాయన "అమ్మా, జూన్‌లో వచ్చుంటే గుంటలు మేమే తీసేవాళ్లం కదా" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాతి యేడు వేరే ఊరు. ఈసారి ముందే మూడు ఆదివారాలు వెళ్లి, బోరింగు దగ్గర నీళ్లకొచ్చే ఆడవాళ్లతో ఊరికే కూర్చున్నాం. వాళ్లు చెప్పింది ఒకటే, బోరింగు చుట్టూ బురద, దోమలు, పిల్లలు జారి పడుతున్నారు అని. ఆ యేడు మేం చేసింది ఇంకుడు గుంతలు, అంతే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కొంచెం చిన్నవి, ఆపైన కంకర, ఇసుక. వాడిన నీళ్లు మాత్రమే అందులోకి, మరుగుదొడ్డి నీళ్లు కలపకూడదు, తాగే నీళ్ల బావికి దూరంగా ఉండాలి. పని చిన్నదే, కానీ అది ఊరు అడిగిన పని. అందుకే పారలు ఊరివాళ్లే ఇచ్చారు, రాళ్లు ఒక రైతు తన ట్రాక్టర్లో తెచ్చి పోశాడు.

ఇప్పుడు మీకు నేను చెప్పేదేంటంటే, రావద్దనకండి, షరతు పెట్టండి. ఈసారి కాలేజీ వాళ్లు రాగానే సర్పంచ్ గారు, మీరు కలిసి రెండు మాటలు అడగండి. ఒకటి, ఇంతకుముందు రాసుకున్న సర్వేల కాపీ మాకివ్వండి, ఈసారి రాసుకునేది క్యాంప్ ఆఖరి రోజు రచ్చబండ దగ్గర అందరి ముందూ చదివి వినిపించండి, ఎంతమందికి పెన్షన్ రావాలి రావట్లేదు, ఎన్ని ఇళ్లకి కుళాయి లేదు, అన్నీ. రెండు, ఆ కాగితం పంచాయతీలో ఇచ్చి వెళ్లండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజుల్లో గ్రామసభ పెడతారు కదా, ఆ రోజు ఆ కాగితం మీ చేతిలో ఉంటే మాట్లాడే పద్ధతే మారిపోతుంది. "మా వీధికి లైటు లేదు" అనడం వేరు, "ఎస్సీ కాలనీలో 14 స్తంభాలుంటే 5 వెలగట్లేదు, ఇదిగో లిస్టు" అనడం వేరు. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, పంచాయతీ స్థాయి ఆఫీసుకైతే అర్జీ ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అర్జీ రాసిపెట్టే పని కూడా పిల్లలకే చెప్పండి, వాళ్లకి చక్కటి చేతిరాత ఉంటుంది, చట్టం కూడా తెలిసొస్తుంది.

మీ సర్వే మీది అన్నా. మీ ఇంటి విషయాలు మీ నోటితో చెప్పినవి. వాటిని మీకు తిరిగి ఇవ్వకుండా పట్టుకుపోవడం తప్పు, ఆ తప్పు మేం చేశాం.

ప్రశ్న: నమస్తే మేడం. డిగ్రీ ఫస్టియర్ అయిపోయింది, ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చెయ్యాలి, 180 గంటలు. మా క్లాస్‌లో చాలామంది సర్వే ఫారాలు రూమ్‌లో కూర్చుని నింపేస్తున్నారు, జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్ట్ దొరుకుతోంది, పేరు మార్చి బైండింగ్ చేయించుకుంటే చాలంట. మెంటర్ సార్ కూడా పెద్దగా అడగరు. నేనొక్కదాన్నే ఎండలో తిరగాలా? నాకు ఇంట్రెస్ట్ ఉంది కానీ ఎలా మొదలుపెట్టాలో తెలీట్లేదు. – బీఎస్సీ విద్యార్థిని, పార్వతీపురం

తల్లీ, నువ్వు ఇలా అడిగావంటేనే నువ్వు తిరుగుతావని నాకు అర్థమైంది. నీ ఫ్రెండ్స్‌ని తిట్టను, కానీ వాళ్లు పారేసుకుంటున్నదేంటో చెప్తా. ఏపీలో డిగ్రీ పిల్లలకి పెట్టిన ఈ ప్రాజెక్టుకి 4 క్రెడిట్లు, అంటే దీన్ని ఒక సబ్జెక్ట్‌లా లెక్కేశారు. ముందు సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఆ తర్వాత అసలు ప్రాజెక్ట్, చివర రిపోర్ట్, ఇదీ వరస. ఈ వరసలో సర్వే అబద్ధమైతే మిగతా మూడూ అబద్ధమే. లేని మనుషుల లేని సమస్య మీద అవగాహన ర్యాలీ తీసినట్టు.

మొదలుపెట్టడం కష్టమేం కాదు. మీ ఊరే తీసుకో, లేకపోతే మీ వార్డు. వంద ఇళ్లు అని భయపెట్టుకోకు, మనస్ఫూర్తిగా 30 ఇళ్లు చాలు. పొద్దున పదింటికి వెళ్తే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు, వేసవిలో ఉపాధి పనికి తెల్లారే పోతారు, మధ్యాహ్నానికి అలిసిపోయి వస్తారు. సాయంత్రం ఆరు దాటాక వెళ్లు, అరుగు మీద కూర్చో, నిలబడి రాసుకుంటే పోలీసులా ఉంటుంది. మొదటి ప్రశ్నే ఆదాయం అడగొద్దు, మీకెంత వస్తుంది అంటే ఏ ఇంట్లోనైనా నోరు మూసుకుపోతుంది, ఎక్కడ రేషన్ కార్డు తీసేస్తారో అని భయం. ఆధార్ నంబర్లు అస్సలు రాసుకోకు, నీకవి అవసరం లేదు, నీ నోటుబుక్ ఎక్కడైనా పోతే వాళ్లకే ఇబ్బంది. పేర్లు కూడా అక్కర్లేదు, ఇల్లు 1, ఇల్లు 2 అని రాసుకో చాలు. మీ ఏరియాలో కొండ మీద ఊళ్లైతే సవర, జాతాపు వాళ్ల ఇళ్లల్లో తెలుగు అంత తేలిగ్గా మాట్లాడని పెద్దవాళ్లు ఉంటారు, అక్కడి పిల్లనో పిల్లాడినో తోడు తీసుకెళ్లు, నీ ప్రశ్న వాళ్ల భాషలో ఎలా మారుతుందో విను, అదొక చదువు.

ఒకటే ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్లు: ఈ ఊళ్లో రావాల్సినవాళ్లకి రానిదేంటి? నా స్టూడెంట్ ఒకమ్మాయి ఇలాగే తిరిగితే ఒక వీధిలో ముగ్గురు వితంతువులకి పెన్షన్ రావట్లేదని తేలింది. ఇద్దరికి భర్త మరణ ధ్రువపత్రమే లేదు, చనిపోయినప్పుడు రాయించలేదు. మూడో ఆమెకి ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఒకలా. ఆ పిల్ల తన ప్రాజెక్టంతా దాని మీదే పెట్టుకుంది, గ్రామ సచివాలయానికి ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు, ఏ కాగితానికి ఏ ఆఫీసు, ఎక్కడ ఆగింది, ఎన్నాళ్లు ఆగింది, డేట్లతో సహా రాసింది. ముగ్గురిలో ఇద్దరికి పని జరిగింది. మూడో ఆమెకి జరగలేదు, ఎందుకు జరగలేదో కూడా రిపోర్ట్‌లో రాసింది. నేను చదివిన స్టూడెంట్ రిపోర్టుల్లో అంత నిజాయితీగా రాసింది ఇంకోటి లేదు. జరగనిది రాయడానికి భయపడకు. జిరాక్స్ షాపు రిపోర్టుల్లో అన్నీ సక్సెసే ఉంటాయి, గమనించు.

ఎండ సంగతి అడిగావు కదా, టోపీ, నీళ్ల సీసా, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకూ ఇంట్లోనే ఉండు. ఒంటరిగా కాదు, ఇంకొక్క ఫ్రెండ్‌ని ఒప్పించు, ఇద్దరు చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరింది, ఏడు రోజులు ఎన్ఎస్ఎస్ క్యాంప్‌కి వెళ్తానని ఒకటే గొడవ. ఎప్పుడూ ఒక్క రాత్రి కూడా బయట లేదు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు, నాకేమో భయం. పంపమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

పంపమనే చెప్తానమ్మా, కానీ కళ్లు మూసుకుని కాదు. మీ ఆయన్ని తీసుకుని ఒకసారి కాలేజీకి వెళ్లండి, ప్రోగ్రాం ఆఫీసర్‌ని ఇవన్నీ అడగండి: రాత్రి ఆడపిల్లలతో పాటు లేడీ లెక్చరర్ ఉంటారా, పగలు వచ్చి పోవడం కాదు, అక్కడే పడుకుంటారా? పడుకునేది ఎక్కడ, స్కూల్లో అయితే గదికి లోపల గడియ ఉందా? బాత్రూంలకి నీళ్లు వస్తున్నాయా, రాత్రి లైటు ఉందా? దగ్గర్లో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఎంత దూరం? ఇవి అడిగితే ఏమనుకుంటారో అనుకోవద్దు, మంచి ప్రోగ్రాం ఆఫీసర్ (పీవో) అయితే సంతోషిస్తారు, నన్నెవరైనా ఇలా అడిగితే నాకు ప్రిన్సిపాల్ దగ్గర ఇంకో టీచర్‌ని అడిగే బలం వచ్చేది. వీటిల్లో ఏ ఒక్కదానికైనా సరైన జవాబు రాకపోతే ఈ యేడు ఆపండి, తప్పులేదు. మధ్యలో ఒకరోజు మీరు కూడా క్యాంప్‌కి వెళ్లి చూసి రండి, సాయంత్రం కల్చరల్ ప్రోగ్రాం టైమ్‌కి వెళ్తే బాగుంటుంది.

ఎందుకు పంపమంటున్నానంటే, 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ఎగ్జిబిషన్ దగ్గర ఒక 14 ఏళ్ల పిల్లని వాలంటీర్‌గా నిలబెట్టారు, టికెట్ లేనివాళ్లని పంపొద్దు అని చెప్పి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, ఆయన దగ్గర టికెట్ లేదు, ఆ పిల్ల లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొని ఇచ్చాకే వదిలింది, ఆ పిల్ల తన డ్యూటీ సరిగ్గా చేసిందని నెహ్రూ మెచ్చుకున్నారు. ఆ పిల్లే దుర్గాబాయి, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది. అందరూ దుర్గాబాయమ్మలు అవ్వరు, నాకూ తెలుసు. కానీ క్లాసులో పేరు పిలిస్తే కూడా తలొంచుకునే పిల్లలు క్యాంప్ ఐదో రోజుకి ఊరందరి ముందూ మైకు పట్టుకుని మాట్లాడటం నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: మేడం మా కాలేజీలో రక్తదానం క్యాంప్ పెడితే నేనే అందరినీ పోగుచేశా, తీరా నా వంతు వచ్చేసరికి హిమోగ్లోబిన్ 10.8 ఉంది ఇవ్వకూడదన్నారు. అందరి ముందూ సిగ్గేసింది. వాలంటీర్‌నై ఉండి రక్తం ఇవ్వలేకపోతే ఏం లాభం? – డిగ్రీ సెకండియర్, నంద్యాల

సిగ్గెందుకమ్మా. రక్తం ఇవ్వాలంటే 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు, వయసు 18 నిండాలి, ఇవి అందరికీ ఒకటే రూల్. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అంటే ఆ రోజు మీ కాలేజీలో నీలాంటి వాళ్లు చాలామందే ఉంటారు, నీకు తెలిసింది, వాళ్లకి తెలీదు, అంతే తేడా. పీహెచ్‌సీకి వెళ్లి చూపించుకో, ఐరన్ మాత్రలు అక్కడే ఉచితంగా ఇస్తారు, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయో జామకాయో తింటే మంచిది. నీ స్నేహితురాళ్లని కూడా తీసుకెళ్లు.

ఇక ఏం లాభం అన్నావు, నీకు ఒక పని చెప్తా. కాలేజీల్లో రక్తదాన శిబిరాలు ఎప్పుడు పెడతారో చూడు, ఎన్ఎస్ఎస్ డే సెప్టెంబర్ 24, అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం, ఏదో నాయకుడి పుట్టినరోజు, అంతా అప్పుడే. ఎర్ర రక్తకణాలు నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులే, ప్లేట్‌లెట్లు అయితే ఐదు రోజులే. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలు మూసేస్తారు, దాతలు ఊళ్లకి పోతారు, బ్లడ్ బ్యాంకులు ఖాళీ. కానీ తలసీమియా అనే రక్తం జబ్బు ఉన్న పసిపిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకి వేసవి సెలవులు ఉండవు. నువ్వు ఇప్పుడే మీ కాలేజీలో ఒక యాభై మంది లిస్ట్ తయారుచెయ్యి, ఎవరి గ్రూపు ఏది, సెలవుల్లో ఎవరు ఏ ఊళ్లో ఉంటారు, చివరిసారి ఎప్పుడిచ్చారు అని. మగపిల్లలు మూడు నెలలకొకసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. ఆ లిస్ట్ ప్రకారం మేలో వాళ్లకి నువ్వే ఫోన్ చెయ్యి. రక్తం ఇచ్చిన వాళ్లకంటే నీ పని తక్కువేం కాదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం, విశాఖలో హాస్టల్లో ఉండి చదువుతున్నా. మా ఎన్ఎస్ఎస్ యూనిట్ వాళ్లు ఓటర్ నమోదు డ్రైవ్ చేస్తున్నారు కానీ నాకే ఓటు లేదు. ఎక్కడ పెట్టించుకోవాలి? – బీకాం విద్యార్థి

బాబూ, హాస్టల్ స్టూడెంట్ ఇంటి దగ్గరైనా పెట్టించుకోవచ్చు, హాస్టల్ అడ్రస్ మీదైనా పెట్టించుకోవచ్చు, కానీ ఒక్కచోటే. రెండుచోట్లా పెట్టుకుంటే నేరం. హాస్టల్ దగ్గర అయితే కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ జత చెయ్యాలి. కొత్తగా ఓటుకి ఫారం 6, అడ్రస్ మార్పుకి ఫారం 8. ఇదివరకు జనవరి 1కి 18 నిండితేనే అనేవారు, ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీకులు నాలుగూ లెక్కే, 17 దాటినవాళ్లు కూడా ముందే అప్లై చేసుకోవచ్చు. ఇళ్లకి వెళ్లినప్పుడు ఫారాలు గుత్తగా పోగుచేసి పట్టుకెళ్లకండి, తీసుకోరు, ఎవరిది వాళ్లే ఎన్నికల సంఘం యాప్‌లోనో బీఎల్వోకో (బూత్ స్థాయి అధికారి) ఇచ్చేలా పక్కన కూర్చుని సాయం చెయ్యండి. ఏ పార్టీ కండువా, ఏ నాయకుడి పేరూ మీ డ్రైవ్‌లో కనపడకూడదు. 18 ఏళ్లకే ఓటు అనేది 1989 నుంచే వచ్చింది, అంతకుముందు 21 ఉండాలి. మా అన్నయ్య డిగ్రీ అయిపోయేదాకా ఓటు కోసం ఎదురుచూశాడు.

ప్రశ్న: మేం ఊళ్లో రాత్రిబడి పెట్టాం మేడం, పెద్దవాళ్లకి చదువు చెప్దామని. మొదటివారం పాతికమంది, ఇప్పుడు నలుగురే. వయోజన విద్య ఈ రోజుల్లో అవసరమేనా? – ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు, మహబూబ్‌నగర్ జిల్లా

అవసరమే. మీరు అ ఆల దగ్గర మొదలుపెట్టి ఉంటారు, పొద్దంతా పొలంలో నడుం వంచినవాళ్లకి అక్కడ ఓపిక పోతుంది. వాళ్లకి రోజూ అడ్డం పడుతున్నవి ఏంటో అడగండి. బస్సు మీద బోర్డు, ఉపాధి హామీ డబ్బులు పడ్డాయని ఫోన్‌కి వచ్చే మెసేజ్, బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారం, ఓటీపీ అంటే ఏంటి, ఎవరికీ ఎందుకు చెప్పకూడదు. వాళ్ల ఫోనే పలక అనుకోండి. ఏడున్నర తర్వాత పెట్టండి, వంటలయ్యాక. ఉల్లాస్ పేరుతో కేంద్రం నడిపే అక్షరాస్యత కార్యక్రమంలో స్టూడెంట్స్ వాలంటీర్ టీచర్లుగా చేరొచ్చు, మీ పీవోని అడగండి.

చదువు ఎంత దూరం వెళ్తుందో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, కుర్రాళ్లు, టీచర్లు వాలంటీర్లుగా రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని చెప్పారు. వాచకంలో సారా వల్ల పాడైన కుటుంబం గురించి ఒక పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివి, ఇది మన కథే కదా అనుకుని, వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లలో ఒకరైన దూబగుంట రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మోగిపోయింది, ఆ పోరాటం జిల్లా అంతా పాకింది, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వమే సారాని నిషేధించాల్సి వచ్చింది. ఆ వాలంటీర్లు అక్షరాలు నేర్పారు, ఏం చెయ్యాలో ఆడవాళ్లే నిర్ణయించుకున్నారు. మీ నలుగురినీ వదలకండి, ఆ నలుగురే మిగతావాళ్లని తీసుకొస్తారు.

ప్రశ్న: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు మా బ్యాచ్ విజయవాడ సింగ్‌నగర్ వైపు ఫుడ్ ప్యాకెట్లు పంచడానికి వెళ్లాం. రోడ్డు మొదట్లో ఉన్నవాళ్లకే అన్నీ అందాయి, లోపలి వీధులకి మేం పోలేకపోయాం. అది ఇప్పటికీ బాధగా ఉంది. ఇంకోసారి వస్తే ఏం చెయ్యాలి? – ఇంజినీరింగ్ విద్యార్థి

నడుముల్లోతు నీళ్లలో ట్రైనింగ్ లేని పిల్లలు వెళ్లకపోవడమే కరెక్ట్ నాన్నా, ఆ బాధ పెట్టుకోకు, అది పడవలున్న ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ విపత్తు సహాయ దళాల వాళ్ల పని. నీళ్లలో కరెంటు ఉంటుంది, మూతలేని మ్యాన్‌హోళ్లు ఉంటాయి. మీరు గట్టు మీద ఉండి చెయ్యగలిగిన పెద్ద పని వేరే ఉంది, లోపల ఏ వీధిలో ఎంతమంది ఉన్నారు, బాలింతలు, మంచంలో ఉన్న ముసలివాళ్లు, డయాలసిస్ వాళ్లు ఏ ఇంట్లో అని ఫోన్లలో కనుక్కుని లిస్ట్ చేసి పడవల వాళ్లకి ఇవ్వడం.

ఇంకోటి, నీళ్లు ఉన్నప్పుడు అందరూ వస్తారు, నీళ్లు తీసేశాక ఎవరూ రారు. అప్పుడుంటుంది అసలు కష్టం, ఇంటినిండా బురద, తడిసిన పరుపులు, పాడైన సర్టిఫికెట్లు. పది మంది స్టూడెంట్స్ పారలు, బకెట్లతో ఒక ఇంటిని సగం రోజులో కడిగేయగలరు, అదే ఒంటరి ముసలామెకి వారం పడుతుంది. గమ్‌బూట్లు, గ్లవ్స్ లేకుండా దిగొద్దు, కాలికి గాయం ఉంటే అసలే దిగొద్దు, ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి జ్వరాలొస్తాయి.

ప్రశ్న: మేడం, ఈ యేడే నాకు ఎన్ఎస్ఎస్ యూనిట్ అప్పగించారు. వంద మంది పిల్లలు, డబ్బులు సరిపోవు, రిజిస్టర్లు, ఫొటోలు అంటారు పైనుంచి. యేడాదికి 120 గంటల సేవ ఎలా నింపాలి? – లెక్చరర్

డబ్బు సంగతి నాకు బాగా తెలుసండి. చాలా ఏళ్లు స్పెషల్ క్యాంప్‌కి ఒక్కో వాలంటీర్‌కి ఏడు రోజులకీ కలిపి 450 రూపాయలు ఇచ్చేవాళ్లు, రోజుకి 64 రూపాయల్లో మూడు పూటల తిండి. ఊరివాళ్లు బియ్యం, కూరగాయలు ఇస్తేనే గడిచేది, మొహమాటపడకుండా అడగండి, ఎవరెంత ఇచ్చారో లెక్క రచ్చబండ దగ్గర బోర్డు మీద రాయండి. గంటలు నింపడం అనే ఆలోచన మాత్రం వదిలెయ్యండి. 1969లో గాంధీజీ శతజయంతి యేడాదిలో 37 యూనివర్సిటీల్లో 40 వేల మందితో ఎన్ఎస్ఎస్ పెట్టింది "నేను కాదు, నువ్వు" అనే మాట మీద. ఆ బ్యాడ్జి మీద కోణార్క్ చక్రం ఉంటుంది కదా, ఎనిమిది ఆకులు, ఎనిమిది జాములు, పగలూ రాత్రీ సేవకి సిద్ధంగా ఉండమని, మీ పిల్లలకి మొదటి మీటింగ్‌లో అది చెప్పండి, చాలామంది రెండేళ్లు పెట్టుకు తిరుగుతారు, అర్థం తెలీదు. ఒకే ఊరు, యేడాదికి ఒకే పని. నెలకి రెండు ఆదివారాలు వెళ్తే 120 గంటలు వాటంతటవే అవుతాయి. ఊరు మార్చకండి, మూడేళ్లు అదే ఊరు.

ప్రశ్న: డిసెంబర్‌లో మా క్యాంప్‌లో కంటి పరీక్షలు చేయించాం. ఒక తాతకి రెండు కళ్లకీ శుక్లాలు అన్నారు. ఆయన నా నంబర్ తీసుకుని ఇప్పటికీ ఫోన్ చేస్తున్నాడు, "మనవడా మళ్లీ ఎప్పుడొస్తారు" అని. క్యాంప్ అయిపోయింది కదా మేడం, నేనేం చెప్పాలి? – డిగ్రీ ఫైనలియర్, కరీంనగర్ జిల్లా

ఈ ఆదివారం వస్తున్నా తాతా అని చెప్పు. క్యాంపుల్లో శుక్లం ఉందని తేలినవాళ్లలో చాలామంది ఆపరేషన్ దాకా వెళ్లరు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే అయినా తీసుకెళ్లే మనిషి ఉండడు, కొడుకు హైదరాబాద్‌లో కూలికి పోయుంటాడు, బస్సు నంబర్ కనపడదు. ముందు నువ్వు జిల్లా ఆసుపత్రి కంటి విభాగానికి వెళ్లి ఏ రోజు చూస్తారు, ఏ రోజు ఆపరేషన్లు చేస్తారు కనుక్కో. వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఒప్పించు, వాళ్లలో ఒకరు రావాలి. ఆ క్యాంప్ చీటీ, ఆధార్, బీపీ షుగర్ మందులు వాడుతుంటే ఆ చీటీలు సంచిలో పెట్టించు. షుగర్ ఎక్కువుంటే ఆపరేషన్ వాయిదా వేస్తారు, తాతకి ముందే చెప్పు, నిరాశపడకుండా. ఒక కన్ను అయ్యాకే రెండోది చేస్తారు, అంటే నువ్వు రెండుసార్లు వెళ్లాలి. ఇంటికొచ్చాక చుక్కల మందు ఏ టైమ్‌కి ఎన్ని చుక్కలో పెద్ద అక్షరాలతో రాసి వాళ్ల గోడ మీద అంటించు, తలస్నానం ఎప్పటినుంచి చెయ్యొచ్చో డాక్టర్‌ని అడిగి అది కూడా కింద రాయి.